ఇల్లు కదిలితే.. ఒళ్లు జాగ్రత్త!

మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్.. అన్నీ బండిలోనే. నచ్చిన ఊళ్లో నాలుగు రోజులు ఉండొచ్చు. పొద్దున్నే కిటికీ తెర తీస్తే ఎదురుగా మంచు కొండ! అమెరికాలో రిటైరైన దంపతులు చాలామంది వేసవి మొత్తం ఇలా క్యాంపర్ బండిలో కొలరాడో, వ్యోమింగ్, మోంటానా, యూటా కొండల మధ్య గడిపేస్తుంటారు. ఎప్పుడో అక్కడికి వెళ్లి స్థిరపడి ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసిన మనవాళ్లకూ, పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్లే అమ్మానాన్నలకూ ఇదో తీరని ముచ్చట. తప్పకుండా తీర్చుకోవాల్సిందే. కాకపోతే ఇల్లు వెంట వస్తోంది కదా అన్న ధీమాలో ఒక సంగతి మరచిపోతుంటాం. ఆ ఇల్లు నిలబడే చోటు చాలా ఎత్తు. ఆసుపత్రి చాలా దూరం. బండిలో ఉండేది ఇద్దరే.

ఒక్క రోజులో ఏమవుతుంది?

ఒక జంటను ఊహించుకోండి. ఆయనకు 68 ఏళ్లు, ఆమెకు 63. ఇద్దరికీ బీపీ ఉంది, ఆయనకు మధుమేహం కూడా. డెన్వర్‌లో కూతురింటికి వచ్చి మూడు రోజులైంది. పొద్దున్నే క్యాంపర్‌లో బయల్దేరారు. 65 మైళ్లు ప్రయాణించి మధ్యాహ్నానికి ఎస్టెస్ పార్క్ చేరారు. ఎలాగూ వచ్చాం కదా అని, అదే ఊపులో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కి, ఫొటోలు దిగి, సాయంత్రానికి పార్కులోనే క్యాంపు స్థలంలో బండి ఆపారు.

రాత్రి ఎనిమిదింటికి ఆయనకు తలనొప్పి మొదలైంది. అన్నం సయించలేదు.

‘‘ఏవండీ, ఒంట్లో బాగాలేదా?’’

‘‘ఏం లేదులే. దారిలో తిన్నది పడినట్టు లేదు. పడుకుంటే అదే తగ్గుతుంది.’’

అర్ధరాత్రి వాంతి అయింది. ఫోనులో సిగ్నల్ లేదు. ఆమెకు ఆ బండి నడపటం రాదు. తెల్లవార్లూ ఆయన తల నిమురుతూ కూర్చోవటం తప్ప ఏం చేయాలో తోచలేదు.

ఇలాంటి రాత్రి ఎవరికైనా రావొచ్చు. దీనికి కారణం దారిలో తిన్న తిండి కాదు, ఒక్క రోజులో ఎక్కిన ఎత్తు.

అది ఎంత ఎత్తో తెలుసా?

మన హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 1,800 అడుగుల ఎత్తులో ఉంటుంది. విజయవాడ, రాజమహేంద్రవరం, కాకినాడ లాంటివైతే ఇంకా కిందే. తిరుమల కొండ మీదికి వెళ్లినా 3 వేల అడుగుల దరిదాపుల్లోనే ఉంటాం. అదే డెన్వర్ నగరమే 5,280 అడుగుల ఎత్తు. ఎస్టెస్ పార్క్ ఊరు 7,500 అడుగులు దాటుతుంది. అంటే మన ఊటీ కన్నా ఎత్తు! ఇక ట్రెయిల్ రిడ్జ్ రోడ్డులో అన్నిటికన్నా ఎత్తైన చోటు 12,183 అడుగులు. కేదార్‌నాథ్ ఆలయం 11,700 అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అంటే కారులో ఏసీ వేసుకొని, పాటలు వింటూ కేదార్‌నాథ్‌ను మించిన ఎత్తుకు చేరిపోతారన్నమాట.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కేదార్‌నాథ్‌కు వెళ్లేటప్పుడు మనకు భయం ఉంటుంది. డాక్టరును అడుగుతాం, మందులు సర్దుకుంటాం. ఇక్కడ రోడ్డు నున్నగా ఉంటుంది. ఎక్కుతున్నట్టే తెలియదు. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కునే తీసుకోండి. 1872లో ఏర్పడిన ఈ పార్కులో చాలా రోడ్లు 7,500 నుంచి 8 వేల అడుగుల ఎత్తులోనే సాగుతాయి. క్యాంపర్లు ఎక్కువగా ఆగే ఫిషింగ్ బ్రిడ్జ్ ప్రాంతమూ అంతే. చుట్టూ సరస్సు, చదునైన పచ్చిక కనిపిస్తుంటే ఇది కొండ అని ఎవరికి గుర్తుంటుంది?

ఒంట్లో జరిగేది ఇదీ

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. 8 వేల అడుగుల ఎత్తులో ఒక్కో శ్వాసతో మనకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు నాలుగింట మూడొంతులే. 12 వేల అడుగుల దగ్గరైతే మూడింట రెండొంతుల కన్నా తక్కువ. శరీరం దీనికి సర్దుకోగలదు. శ్వాస వేగం పెంచుతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మూత్రం ఎక్కువగా వస్తుంది. అయితే ఇలా సర్దుకోవటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా పైకి వెళ్లి పడుకుంటేనే ఇబ్బంది. దీన్నే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అంటారు.

కొలరాడోలో 8 వేల అడుగుల పైన రాత్రి బస చేసే సందర్శకుల్లో సుమారు నలుగురిలో ఒకరికి ఈ లక్షణాలు కనిపిస్తాయని అంచనా. సాధారణంగా పైకి చేరిన కొన్ని గంటల్లో మొదలవుతుంది. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవటం, తల తేలిపోతున్నట్టు ఉండటం, నీరసం, నిద్ర పట్టకపోవటం.. ఇవన్నీ దీని లక్షణాలే. ఇంకా పైకి ఎక్కకుండా అక్కడే విశ్రాంతి తీసుకుంటే చాలామందిలో ఒకటి నుంచి మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

కానీ మూడు లక్షణాలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తేలికగా తీసుకోకూడదు. ఒకటి: ఊరికే కూర్చున్నా ఆయాసం రావటం, దానికి తోడు దగ్గు. ఇది ఊపిరితిత్తుల్లో నీరు చేరటానికి సూచన కావొచ్చు. రెండు: మాట తడబడటం, అయోమయం, మరీ మగతగా ఉండటం. మూడు: సరళ రేఖ మీద అడుగు ముందు అడుగు వేస్తూ నడవలేకపోవటం. ఈ రెండూ మెదడు వాచిందనటానికి గుర్తులు కావొచ్చు. వీటిల్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగటం ప్రమాదం. వెంటనే కిందికి దిగాలి, 911కు ఫోన్ చేయాలి.

వయసు కన్నా జబ్బు ముఖ్యం

‘వయసు మీద పడింది కదా, మాకే ఎక్కువ వస్తుందేమో’ అని బెంగ పడొద్దు. వయసు పెరిగినంత మాత్రాన ఎత్తు జబ్బు ముప్పు పెరగదు. కుర్రాళ్లకూ ఇది అంతే తేలికగా వస్తుంది. పెద్దవాళ్లలో అసలు సమస్య అప్పటికే ఉన్న జబ్బులతో. ఆక్సిజన్ తగ్గినప్పుడు ముందుగా బయటపడేవి అవే.

* గుండె జబ్బు: ఇటీవల గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు ఉండేవారు డాక్టరు అనుమతి లేకుండా ఈ ప్రయాణం పెట్టుకోకూడదు. గుండె వైఫల్యం అదుపులో లేనివారు, ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఎక్కువున్నవారు, తీవ్ర సీఓపీడీ బాధితులు ఎత్తు ప్రదేశాల బస మానుకోవటమే మంచిది.

* బీపీ: ఎత్తుకు చేరిన మొదటి రోజుల్లో కొంత పెరగొచ్చు. మాత్రలు మానకూడదు, సొంతంగా పెంచకూడదు. చేతికి కట్టుకునే బీపీ మిషన్ వెంట ఉంచుకోండి. ఎంతకు పెరిగితే ఏం చేయాలో ముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి.

* మధుమేహం: వికారంతో తిండి తగ్గితే, మందు మాత్రం యథావిధిగా వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. కొన్ని గ్లూకోమీటర్లు బాగా ఎత్తులో, బాగా చలిలో సరైన లెక్క చూపించకపోవచ్చు. అంకె ఎలా ఉన్నా చెమటలు, వణుకు, గుండెదడ ఉంటే ముందు కాస్త చక్కెర నోట్లో వేసుకోవాలి.

* గురక, స్లీప్ అప్నియా: ఎత్తులో నిద్రలో శ్వాస మరింత తడబడుతుంది. సీపాప్ మిషన్ వాడేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. చాలా క్యాంపు స్థలాల్లో రాత్రిళ్లు జనరేటర్ వేయనివ్వరు. కరెంటు కనెక్షన్ ఉన్న స్థలాన్నే ముందుగా బుక్ చేసుకోవాలి, లేదంటే రాత్రంతా సరిపోయే బ్యాటరీ ఉండాలి. ఎల్లోస్టోన్ పార్కు లోపల కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్న స్థలం ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే.

పగలు పైన.. రాత్రి కింద

కొండ ప్రయాణాల్లో ఒక పాత సూత్రం ఉంది. పగలు ఎంత ఎత్తుకు వెళ్లినా ఫర్వాలేదు, రాత్రి పడుకునే చోటు కిందుండాలి. శరీరం మీద ఎక్కువ ప్రభావం చూపేది నిద్రపోయే ఎత్తే. అందుకే ప్రయాణ ప్రణాళిక వేసుకునేటప్పుడు ఊళ్ల పక్కన మైళ్లు ఒక్కటే కాదు, అడుగులు కూడా రాసుకోండి.

మొదట డెన్వర్ లాంటి చోట రెండు మూడు రాత్రులు ఉండండి. ఆ తర్వాత 7,500 అడుగుల దగ్గర రెండు రాత్రులు. అప్పుడు ట్రెయిల్ రిడ్జ్ లాంటి రోడ్డు మీదికి పగలు వెళ్లి, పైన గంటో అరగంటో గడిపి, కిందికి వచ్చి పడుకోండి. పల్లం నుంచి ఒకే రోజులో 9 వేల అడుగుల పైకి వెళ్లి పడుకోకూడదు. ఆ ఎత్తు దాటాక రోజుకు 1,600 అడుగులకు మించి పడక ఎత్తు పెంచొద్దు.

మొదటి రెండు రోజులు పెద్ద నడకలు, కొండలెక్కటాలు పెట్టుకోవద్దు. మద్యం జోలికి వెళ్లొద్దు. నిద్ర మాత్రలూ శ్వాసను మందగింపజేస్తాయి కాబట్టి డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు. ఎత్తు జబ్బు రాకుండా ముందుగా వాడే ఎసిటజోలమైడ్ అనే మందు ఉంది. కానీ సల్ఫా మందులు పడనివారికి, కిడ్నీ, కాలేయ జబ్బులున్నవారికి ఇది సరిపడకపోవచ్చు. అప్పటికే వేసుకుంటున్న మందులతోనూ పేచీ రావొచ్చు. పక్కింటివారు వేసుకున్నారని వేసుకునే మాత్ర కాదిది.

వేలికి పెట్టి చూసే పల్స్ ఆక్సీమీటర్ కరోనా రోజుల నుంచీ చాలా ఇళ్లలో ఉంది. దాన్ని తీసుకెళ్లండి. కానీ ఆ అంకె చూసి హడలిపోవద్దు. ఇంట్లో 97, 98 చూపించేది 8 వేల అడుగుల దగ్గర 90కి కాస్త అటూ ఇటూగా కనిపించటం మామూలే. అంకె కన్నా మనిషి ఎలా ఉన్నారన్నది ముఖ్యం.

తలనొప్పి ఎత్తు వల్లేనా?

క్యాంపర్‌లో తలనొప్పికి మరో కారణం కూడా ఉండొచ్చు. అది ఇంకా ప్రమాదకరం. బండిలోని గ్యాస్ పొయ్యి, హీటర్, జనరేటర్.. వీటిల్లో ఏది సరిగా మండకపోయినా, పొగ బయటికి పోయే దారి మూసుకుపోయినా కార్బన్ మోనాక్సైడ్ లోపల పేరుకుంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. లక్షణాలేమో తలనొప్పి, తల తిరగటం, వికారం. అచ్చంగా ఎత్తు జబ్బులాగే!

తేడా పట్టుకోవటానికి ఒక ఉపాయం ఉంది. ఇద్దరికీ ఒకేసారి మొదలైందా? బయటికి వచ్చి గాలి పీల్చుకుంటే తేలికపడుతోందా? అయితే గ్యాస్‌ను అనుమానించాలి. వెంటనే ఇద్దరూ బయటికి వచ్చేయాలి, 911కు చెప్పాలి, తనిఖీ చేయించేదాకా లోపలికి వెళ్లకూడదు. ఈ ఆనవాళ్లు లేనంత మాత్రాన గ్యాస్ కాదని తేల్చేసుకోవద్దు. అలారం మోగితే ఒంట్లో బాగున్నా సరే బయటికి రావాల్సిందే.

బండి తీసుకునే రోజే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూసి, మీట నొక్కి పరీక్షించండి. వంట చేసేటప్పుడు పైన వెంటిలేటర్ తెరిచి, ఫ్యాను వేయండి. ఎల్లోస్టోన్‌లో జులైలోనూ కొన్ని రాత్రులు గడ్డకట్టేంత చలి వేస్తుంది. ఎంత వణికినా సరే, వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించి పడుకోవద్దు. మందపాటి దుప్పటి, ఉన్ని టోపీ, సాక్సులు.. ఇవే క్షేమం.

వంట మాటకొస్తే, 8 వేల అడుగుల ఎత్తులో నీరు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళితే గ్యాసూ ఆదా, పప్పూ మెత్తగా ఉడుకుతుంది. మొదటి రోజుల్లో చారన్నం, పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా లాంటి తేలికపాటివే మేలు. పచ్చళ్లు, అప్పడాలు, పొడులే కూరగా లాగించేస్తే ఉప్పు పెరిగి బీపీకి చేటు.

బాత్రూమ్ కోసం నీళ్లు మానొద్దు

ఆ ప్రాంతంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. శ్వాసతోనూ నీరు పోతుంది. మన పెద్దవాళ్లకు.. ముఖ్యంగా ఆడవాళ్లకు ప్రయాణంలో నీళ్లు తాగకుండా బిగబట్టుకోవటం అలవాటు. క్యాంపర్‌లోనైతే ‘ట్యాంకు త్వరగా నిండిపోతుంది, మళ్లీ ఖాళీ చేయాలి’ అన్న మొహమాటం ఒకటి. దీంతో మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, లేచి నిలబడగానే కళ్లు తిరగటం, పడిపోవటం లాంటివి తలెత్తుతాయి.

మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా నీళ్లు తాగుతుండాలి. అలాగని లీటర్ల కొద్దీ పట్టించటమూ మంచిది కాదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు రోజుకు ఎంత తాగొచ్చో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. నీరు పోయేలా చేసే బీపీ మాత్రలు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవారు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఏ మాత్ర ఆపాలో కూడా ముందే అడిగి పెట్టుకోవాలి. వాగులో నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు. జియార్డియా లాంటి పరాన్నజీవులు ఉంటాయి.

ఇక బండిలో గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పొంచి ఉంటుంది. రెండు గంటలకోసారి ఆపి ఐదు నిమిషాలైనా నడవండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది ప్రయాణ బడలిక కాదు. ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఎండ, పొగ, పిడుగు

ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. చల్లగా ఉంది కదా అని టోపీ తీసేస్తే చర్మం కమిలిపోతుంది. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ మన చాయకూ అవసరమే.

జులై నుంచి సెప్టెంబరు దాకా కార్చిచ్చుల పొగ మరో బెడద. వందల మైళ్ల దూరంలో అడవి తగలబడినా పొగ ఇక్కడిదాకా వస్తుంది. పొద్దున్నే ఎయిర్‌నౌ యాప్‌లో గాలి నాణ్యత చూసుకోండి. సూచీ 100 దాటితే గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, పెద్దవయసువారు బయట తిరగటం తగ్గించాలి. 150 దాటితే అందరికీ హానికరమే. అప్పుడు ఊరు మార్చటమే మందు. బండే ఇల్లయినందుకు దక్కే లాభం ఇదే!

కొలరాడో కొండల మీద వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు, పిడుగులు సర్వసాధారణం. చెట్టు కూడా లేని ఆ ఎత్తైన చోట్ల నుంచి మధ్యాహ్నంలోపే కిందికి వచ్చేయండి.

ఎల్లోస్టోన్ వేడి నీటి గుండాల దగ్గర చెక్క బాట దిగి ఒక్క అడుగు కూడా పక్కకు వేయొద్దు. పైన గట్టిగా కనిపించే నేల పలచటి పెంకు మాత్రమే. కింద సలసల మరిగే నీరు ఉంటుంది. అడవి దున్నలకు కనీసం 25 గజాలు, ఎలుగుబంట్లు, తోడేళ్లకు 100 గజాల దూరం పాటించాలి. చలికాలమంతా మూసి ఉంచిన బండిలో ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురుతో ఊడవొద్దు. ఆ దుమ్ము ద్వారా హాంటా వైరస్ సోకే ప్రమాదం ఉంది. తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, చేతి తొడుగులు వేసుకొని, బ్లీచింగ్ కలిపిన నీటితో తడిపి ఆ తర్వాత తుడవాలి.

మందుల సంచిలో ఇవి ఉన్నాయా?

* ప్రయాణ రోజులకు సరిపడా మందులతో పాటు కనీసం రెండు వారాలకు అదనంగా. మన డాక్టరు రాసిన చీటీకి అక్కడ మందుల షాపులో మందులివ్వరు.

* మందుల రసాయన పేర్లతో జాబితా. మన బ్రాండు పేర్లు అక్కడివారికి తెలియవు. మన పారాసెటమాల్‌నే వాళ్లు ఎసిటమినోఫెన్ అంటారు. తెలియక రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది.

* ఇన్సులిన్ వాడేవారికి చిన్న చల్లటి పెట్టె. ఫ్రిజ్‌లో ఐస్ గదికి ఆనించి పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఎండలో అద్దం ముందు పెట్టినా పాడవుతుంది.

* పాత ఈసీజీ, గుండె పరీక్షల రిపోర్టులు, జబ్బుల వివరాలతో డాక్టరు ఉత్తరం.

* బీపీ మిషన్, గ్లూకోమీటర్, ఆక్సీమీటర్, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఎన్-95 మాస్కులు.

విజిటర్ వీసా మీద వెళ్లేవారికి అక్కడి మెడికేర్ వర్తించదు. ప్రయాణ బీమా కొనేటప్పుడు ముందు నుంచీ ఉన్న జబ్బులకు ఎంతవరకు చెల్లిస్తారు, అంబులెన్స్, హెలికాప్టర్ తరలింపు ఉందా అన్న రెండు ప్రశ్నలు తప్పనిసరిగా అడగండి. అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉండి 62 ఏళ్లు దాటినవారికి నేషనల్ పార్కుల సీనియర్ పాస్ ఉంటుంది. చాలా చోట్ల క్యాంపు రుసుములోనూ రాయితీ ఇస్తారు. అలా మిగిలిన డబ్బుతో నాలుగు రోజులు ఎక్కువ ఆగండి. ఒంటికి కావాల్సింది ఆ వ్యవధే.

ఆయన పడిపోతే.. బండి ఎవరు నడపాలి?

అన్ని జాగ్రత్తల్లోకీ ఇది ముఖ్యం. ఇంట్లో అడగటానికి ఎవరూ ఇష్టపడని ప్రశ్న కూడా ఇదే. చాలా జంటల్లో ఒకరే బండి నడుపుతారు. దారులు, బుకింగులు, బీమా కాగితాలు అన్నీ వారి చేతిలోనే ఉంటాయి. ఆ ఒక్కరికే ఒంట్లో బాగాలేకపోతే రెండోవారు చీకట్లో ఒంటరైపోతారు.

కాబట్టి బయల్దేరటానికి ముందే రెండోవారూ కొన్ని నేర్చుకోవాలి. వీలైతే పిల్లల దగ్గర ఉండగానే ఖాళీ మైదానంలో ఆ బండి నడపటం, దాన్ని సురక్షితంగా పక్కకు ఆపటం నేర్చుకోవాలి. లైసెన్సు, బీమాలో రెండో డ్రైవరు పేరు ఉండేలా చూసుకోవాలి. అది కుదరకపోతే పెద్ద క్యాంపర్ వెంట కొడుకో కూతురో కారులో వచ్చేలా చూసుకోవాలి, లేదంటే జనం ఉండే క్యాంపు స్థలాల్లోనే బస చేయాలి. పక్క బండి తలుపు తట్టటానికి మొహమాట పడొద్దు.

911కు ఫోన్ చేయటం, రోడ్డు పేరు, మైలురాయి అంకె చెప్పటం ఇద్దరికీ రావాలి. ‘మా ఆయనకు ఊపిరి ఆడటం లేదు, షుగర్, బీపీ ఉన్నాయి’ అని ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటించండి. గాభరాలో వచ్చిన ఇంగ్లిషు కూడా మరచిపోతాం. మ్యాపులను ఫోనులో ముందే దించుకోండి. సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా సాయం కోరే సదుపాయం కొత్త ఐఫోన్లలో ఉంది. అలాంటి పరికరాలు విడిగానూ దొరుకుతాయి. ఎల్లోస్టోన్‌లోనైతే వేసవిలో మామత్, లేక్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ప్రాంతాల్లో చిన్న క్లినిక్‌లు తెరిచి ఉంటాయి. మీరు ఆగిన చోటికి ఏది దగ్గరో రోజూ సాయంత్రమే చూసి పెట్టుకోండి.

రోజూ రాత్రి భోజనం ముందు ఒక పది నిమిషాలు ఒకరినొకరు పరీక్షించుకోండి. తలనొప్పి ఉందా? అన్నం సయిస్తోందా? నిన్నటి కన్నా ఆయాసం పెరిగిందా? మాత్రలు వేసుకున్నారా? బీపీ, షుగర్ ఎంత? ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఇక్కడ ఒక్కటే నియమం. ‘ఏం లేదులే’ అన్న మాట వాడకూడదు. ప్రయాణం చెడిపోతుందేమోనని ఆయన దాచటం, ఆయన కష్టపెట్టుకుంటారేమోనని ఆమె దాచటం.. కొండ మీద ఈ రెండూ ప్రమాదమే.

అదే జంట.. అదే రాత్రి

ఇప్పుడు మళ్లీ ఆ జంట దగ్గరికి వెళదాం. అదే క్యాంపు స్థలం, అదే తలనొప్పి. ‘‘ఏవండీ, ఒంట్లో బాగాలేదా?’’ అని ఆమె అడిగింది. ‘‘తల పగిలిపోతోంది, వికారంగా కూడా ఉంది’’ అని ఆయన చెప్పారు. ఆమె ముందు అలారం చూసి, కిటికీ తెరిచి, ఆయన్ని బయట కుర్చీలో కూర్చోబెట్టింది. తనకు ఏ ఇబ్బందీ లేదు. బయటి గాలికి కూడా ఆయన నొప్పి తగ్గలేదు. అంటే ఎక్కువ అనుమానం ఎత్తు మీదే. కూర్చుంటే ఆయాసం లేదు, మాట స్పష్టంగా ఉంది, తిన్నగా నడవగలుగుతున్నారు. షుగర్ చూసి, కాస్త చారన్నం తినిపించి, డాక్టరు ముందే చెప్పి పెట్టిన పారాసెటమాల్ ఇచ్చింది. గంట గంటకూ లేపి చూసింది. తెల్లారాక ఆమే నెమ్మదిగా బండి నడుపుకొంటూ కిందికి దింపింది. 5 వేల అడుగుల ఎత్తులోని ఊళ్లో రెండు రోజులు ఆగారు. మూడో రోజుకు ఆయనకు ఆకలి తిరిగొచ్చింది. నాలుగో రోజు మళ్లీ ఎక్కారు, ఈసారి నెమ్మదిగా.

రెండు రాత్రుల్లోనూ కొండ అదే, జబ్బు అదే. మారింది ఒక్కటే. ఒకరు దాచకుండా చెప్పారు, రెండోవారికి ఏం చేయాలో తెలుసు. కాబట్టి ఈ వేసవికి బండి బుక్ చేసుకునే ముందు ఇద్దరూ కలిసి ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లి రండి. తిరిగొచ్చాక డ్రైవింగ్ సీటులో ముందుగా ఆమెను కూర్చోబెట్టండి.